వాళ్ళు ఒక్కరు, మనం ఇద్దరం

సెప్టెంబరు 6, శనివారం

డైరీ రాయడం నాకు అలవాటు లేదు. నీటి సరఫరా ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చూసినదాన్ని కాబట్టి ఇంటి ఖర్చులు రాస్తాను, అంతే. ఈ రోజు నుంచి ఇది కూడా రాస్తున్నాను. కారణం, రేపు మా అబ్బాయి ఓడ మీద నుంచి ఫోన్ చేస్తాడు. వాడికి వాడి భార్య మీద ఫిర్యాదు చెయ్యాలి. కోపంలో చెబితే ఒకటికి రెండు కలుస్తాయి. అందుకని జరిగింది జరిగినట్టు ముందు కాగితం మీద పెట్టుకుంటున్నాను.

నా కోడలు పధ్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. నా మనవరాలు ఆ జట్టులో ఆడుతుంది. ఈ రోజు ఒక్క గోల్ తేడాతో ఓడిపోయారు. ఇంటికి వచ్చి, టీ కప్పు చేతిలో పట్టుకుని, నేను ఎదురుగా ఉండగానే, వచ్చే శనివారం మొదటి పదకొండు మందిలో నువ్వు లేవని కోడలు కన్నకూతురితో చెప్పింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

పిల్ల చేసిన నేరం ఇది. రెండో సగంలో బంతి దాని దగ్గరికి వచ్చింది. పక్కన ఉడుత పరుగెత్తుతోంది. (ఉడుత అంటే ఎదురింటి బస్సు డ్రైవరమ్మ కూతురు. ఆ పేరు జట్టు పెట్టింది, అది కూడా ఒప్పుకుంది.) ఎదురుగా అవతలి జట్టు డిఫెండర్ ఒక్కతే ఉంది. అంటే వీళ్ళు ఇద్దరు, ఆమె ఒక్కతి. ఆమె ఇంకా చాలా దూరంలో ఉండగానే మనవరాలు బంతిని ఉడుతకి ఇచ్చేసింది. డిఫెండర్ తాపీగా అటు తిరిగి, ఉడుతకి అడ్డం పడి, బంతి తీసుకుపోయింది.

ఇచ్చింది, దాచుకోలేదు. తన చేతిలో ఉన్నది పక్కవాళ్ళకి పెట్టమని చిన్నప్పటి నుంచి నేర్పినది నేనే. అదే మాట అన్నాను. కోడలు నాకు జవాబు చెప్పకుండా కూతురి వైపు చూసి, "నువ్వు ఇవ్వలేదు. వదిలించుకున్నావు. రెండూ ఒకటి కాదు," అంది.

పిల్ల భోజనానికి రాలేదు. పిలవడానికి కోడలు వెళ్ళలేదు, నేను వెళ్ళాను.

ఇంకొకటి కూడా రాయాలి, లేకపోతే లెక్క పూర్తి కాదు. లీగులో ఎనిమిది జట్లున్నాయి. ఆఖరి రెండు స్థానాల్లో మిగిలితే ఆడపిల్లల జట్టు ఎత్తేసి, మైదానాన్ని ఆ వేళకి మగపిల్లలకి ఇచ్చేస్తామని క్లబ్బు కార్యదర్శి మొన్ననే చెప్పాడు. మనది ఏడో స్థానం. మూడు ఆటలు మిగిలాయి. ఆరేళ్ళ కిందట నలుగురు పిల్లలతో కోడలు మొదలుపెట్టిన జట్టు ఇది. అలాంటి సమయంలో కాస్తో కూస్తో ఆడే పిల్లని పక్కన కూర్చోబెట్టడం ఏం తెలివి?

సెప్టెంబరు 7

ఫోన్ వచ్చింది. చెప్పలేదు. లైన్ బాగాలేదు.

లైన్ బాగానే ఉంది.

సెప్టెంబరు 9, మంగళవారం

ప్రాక్టీసుకి నేను కూడా వెళ్ళాను. నీళ్ళ సీసాలు ఎవరో ఒకరు మొయ్యాలి. ఆట చూడటానికి వెళ్ళలేదు.

మైదానం బస్సు డిపో వెనక ఉంది. ఒక పక్క గోడ, ఒక పక్క కంచె. బస్సు బయటికి వచ్చినప్పుడల్లా డీజిలు వాసన. కోడలి మెడలో ఈల ఉంది కానీ గంటన్నరలో ఒక్కసారి కూడా ఊదలేదు. చెయ్యెత్తితే పిల్లలు ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడిపోతారు. మా ఆఫీసులో గంట కొట్టినా అంత తొందరగా ఎవరూ ఆగేవారు కాదు.

ప్లాస్టిక్ గుర్తులు పెట్టి ఒక దారిలాగా చేసింది. ఒక కొస నుంచి ఇద్దరు బంతితో వస్తారు, రెండో కొస నుంచి ఒక్కతి అడ్డుకోవడానికి వస్తుంది. మొదటి జంట వచ్చింది. బంతి ఉన్న పిల్ల దూరం నుంచే పక్కకి ఇచ్చేసింది. కోడలు చెయ్యెత్తింది. తప్పు చేసిన పిల్లని తిడుతుందనుకున్నాను. ఆ పిల్లని పలకరించనే లేదు. అడ్డుకునే పిల్ల దగ్గరికి వెళ్ళి, "నీకు ఇప్పుడు భయం వేసిందా?" అని అడిగింది.

"లేదు మేడమ్."

"ఎందుకు వెయ్యలేదు?"

"బంతి ఇంకా అంత దూరంలోనే ఉంది కదా."

అప్పుడు మొదటి పిల్ల వైపు తిరిగి, "విన్నావుగా. ఆమెకి భయం వేసేదాకా ఇవ్వకు," అంది. అంతే. మళ్ళీ మొదటి నుంచి.

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ఎంతమందికి పని నేర్పానో లెక్క లేదు. తప్పు చేసినవాడిని నిలబెట్టి అడగడమే నాకు తెలిసిన పద్ధతి. ఎదుటివాడిని అడగవచ్చని ఇవాళ చూశాను. ఇది మెచ్చుకోవడం కాదు. నమోదు చేస్తున్నాను.

మనవరాలు అందరితో పాటు చేసింది, అందరిలాగే తప్పింది. తల్లి దానికి ఎక్కువా చెప్పలేదు, తక్కువా చెప్పలేదు.

సెప్టెంబరు 10

పిల్ల తల్లితో మాట్లాడుతోంది. అవసరమైనంత.

సెప్టెంబరు 12, శుక్రవారం

బడి నుంచి రాగానే మనవరాలు, ఉడుత నా దగ్గరికి వచ్చారు. వెనక సందులో ఆడుకుంటామని, అడ్డుకోవడానికి ఒక మనిషి కావాలని అడిగారు. నాకు అరవై ఎనిమిదేళ్ళని గుర్తు చేశాను. కదలక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలని ఉడుత అంది. ఆ మాట నాకు నచ్చలేదు. చెప్పులు విడిచి వెళ్ళి నిలబడ్డాను.

సందు ఇరుకు. ఒక పక్క మా బట్టలారేసే తీగె స్తంభాలు, ఇంకో పక్క పొరుగింటి ప్రహరీ. మొదటిసారి మనవరాలు అల్లంత దూరం నుంచే ఉడుతకి కొట్టింది. నేను నెమ్మదిగా అటు తిరిగి కాలు అడ్డం పెట్టాను. బంతి ఆగింది. రెండోసారి కూడా అంతే. మూడోసారి చేత్తో ఆపాను.

"చేతులు వాడకూడదు నానమ్మా."

"మరి ముందే చెప్పాలి."

నాలుగోసారి పిల్ల బంతితో నేరుగా నా మీదికి వచ్చేసింది. పక్కకి చూడలేదు, వేగం తగ్గించలేదు. ఆ క్షణంలో నా కాళ్ళకి ఏమీ తోచలేదు. పిల్ల మీదికి వెళ్తే ఉడుత ఖాళీ. ఉడుత వైపు వెళ్తే పిల్ల ఖాళీ. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని బంతి కోసం కాలు చాపాను. నా కాలు లేచిన క్షణానే బంతి పక్కకి వెళ్ళిపోయింది. నేను వెనక్కి తిరిగేసరికి ఉడుత బంతిని ప్రహరీకి కొట్టి రెండు చేతులూ పైకెత్తి ఉంది.

ఇక్కడ నాకు అర్థమైనది రాసుకుంటున్నాను. నేను ఒక్కదాన్ని. ఇద్దరిని ఆపడం నా వల్ల కాదు. ఆ సంగతి వాళ్ళకి తెలియనంతసేపే ఆపగలిగాను.

కోడలు వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉందట. భోజనాల దగ్గర, "అత్తయ్యా, మీరు ముందుకి వచ్చి తప్పు చేశారు," అంది. ఈ ఇంట్లో నా తప్పు నాకు చూపించినవాళ్ళు లేరు. మరి ఏం చెయ్యాలని అడిగాను. ఇద్దరికీ మధ్యలో ఉండాలట. కాలు చాపకుండా, వాళ్ళని చూస్తూ వెనక్కి వెనక్కి నడవాలట. అలా నాన్చుతూ ఉంటే వాళ్ళకే తొందర పుడుతుంది, ఈలోపు నాకు సాయం వస్తుంది.

"నాన్చడం నాకు నువ్వు నేర్పాలా? నా సంతకం కోసం తిరిగినవాళ్ళని అడుగు," అన్నాను.

కోడలు నవ్వింది. పిల్ల కూడా నవ్వింది, తల్లి వైపు చూసి.

సెప్టెంబరు 13, శనివారం

చెరొక గోల్, సమానం. మనవరాలు బల్ల మీద కూర్చునే ఉంది, చివరిదాకా. ఇద్దరికి ఒక్కరు అన్న అవకాశం మనవాళ్ళకి ఆరుసార్లు వచ్చింది, గోల్ అయింది ఒక్కసారి. పోయినసారి ఐదింటికి సున్నా. ఏడో స్థానంలోనే ఉన్నాం.

సెప్టెంబరు 16, మంగళవారం

పొద్దున కోడలు, "సాయంత్రం ప్రాక్టీసుకి వస్తారా అత్తయ్యా?" అని అడిగింది. నీళ్ళ సీసాలకి ఎలాగూ వస్తున్నాను కదా అన్నాను. సీసాలకి కాదట, అడ్డుకోవడానికట. పిల్లలు ఒకరికొకరు అలవాటు పడిపోయారు, పైగా స్నేహితురాలు పడిపోతుందేమోనని జాలిపడి దారి ఇచ్చేస్తున్నారట.

"మీరు జాలిపడరు," అంది.

చాలా రోజుల తరవాత ఈ ఇంట్లో నా గురించి విన్న మంచి మాట.

పసుపు పచ్చని చేతుల్లేని పైచొక్కా ఒకటి తొడిగించారు. నన్ను పరుగెత్తవద్దని, పిల్లల్ని నన్ను తగలవద్దని కోడలు గట్టిగా చెప్పింది. మొదట్లో పిల్లలు నవ్వారు. నేను మధ్యలో నిలబడి, చెప్పినట్టు, వెనక్కి వెనక్కి నడిచాను. నాలుగు జంటలు వరసగా బంతి పోగొట్టుకున్నాయి. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు. కంచె బయట టైర్ల షాపాయన నిలబడి చూస్తున్నాడు. క్లబ్బు కార్యదర్శి అంటే ఈయనే. పెద్దమ్మగారిని జట్టులో రాసేసుకుందామా అని గట్టిగా అడిగాడు. వయసు పధ్నాలుగు దాటిందేమో కనుక్కోమని నేను జవాబిచ్చాను.

తరవాత కోడలు ఇంకో మెలిక పెట్టింది. దాడికి వచ్చే ఇద్దరి వెనక నుంచి, కొంచెం ఆగి, మరో ఇద్దరిని నాకు సాయంగా తరిమింది. నేను నాన్చుతూ ఉంటే ఆ ఇద్దరూ అందుకుంటున్నారు. అప్పుడు ఇద్దరికి ఒక్కరు కాస్తా ఇద్దరికి ముగ్గురు అవుతోంది. పిల్లలకి ఏడుపొక్కటే తక్కువ. కోడలు అందరినీ గడ్డిలో కూర్చోబెట్టి, "మనం ఎక్కువమందిమి ఉన్నామన్నది మన ఆస్తి కాదు. ఊపిరి తీసి వదిలేలోపు అయిపోతుంది. అందుకని ఆగకూడదు. అలాగని భయపడి ముందే ఇచ్చెయ్యకూడదు. రెండూ కలిపి చెయ్యాలి," అంది.

ఎలా కలుపుతారని ఉడుత అడిగింది.

"అది చెబితే రాదు. పెద్దావిడ మీదికి వెళ్ళండి, వస్తుంది."

వెళ్ళారు. నేను వెనక్కి నడుస్తుంటే మనవరాలు ఒక్కసారిగా వేగం పెంచింది. ఉడుత దగ్గరికి రాకుండా గోడ వైపు బాగా దూరం జరిగింది. ఇద్దరికీ మధ్య అంత జాగా పడ్డాక నేను ఎక్కడ నిలబడితే మధ్య అవుతుంది? ఎక్కడా కాదు. ఒక అడుగు పిల్ల వైపు వేశాను. అదే చాలింది వాళ్ళకి.

మనవరాలు నన్ను కాదు, తల్లిని చూసింది. తల్లి తల ఊపింది, ఒకసారే. ఆ ఒక్క ఊపు కోసం పిల్ల పది రోజులు ఎదురు చూసిందని నాకు అప్పుడు తెలిసింది. ఊరికే పంచిపెట్టకుండా ఉన్న మెప్పుకి ఎంత విలువ ఉంటుందో కూడా.

మోకాలికి వేడినీళ్ళ కాపడం.

సెప్టెంబరు 18, గురువారం

టైర్ల షాపాయన ఇంటికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఎండాకాలమంతా పిల్లలకి ఐసు తన షాపు నుంచే పంపాడు. జట్టు ఉండాలనే ఆయన కోరిక కూడా. కాకపోతే ఆయన మీద నలుగురు సభ్యులున్నారు, వాళ్ళకి ఏడు, ఎనిమిది అన్న అంకెలు తప్ప మరేమీ కనిపించవు. ఉన్న రెండు ఆటల్లోనూ పదిమందినీ వెనకే ఉంచి గోల్ పడకుండా కాచుకోమని, సమానం చేసుకుంటూ గట్టెక్కమని బతిమాలినట్టుగానే చెప్పాడు. కోడలు టీ ఇచ్చింది, అంతా విన్నది, ఆలోచిస్తాననైనా అనలేదు. కుదరదని మర్యాదగా చెప్పింది.

ఆయన వెళ్ళాక నేను ఆయన మాటలో న్యాయం ఉందన్నాను. ఉందని కోడలు ఒప్పుకుంది. ఒప్పుకుని కూడా కుదరదంది. ఇలాంటి మనిషితో వాదించడం కష్టం.

సెప్టెంబరు 20, శనివారం

గెలిచాం. రెండు – ఒకటి. ఆరో స్థానం.

మనవరాలిని రెండో సగంలో దింపింది. దిగిన కాసేపటికే బంతి దొరికింది. పక్కన ఉడుత, ఎదురుగా ఒక్కతి. నేను లేచి నిలబడ్డానట. పక్కావిడ చెప్పింది. పిల్ల వెళ్ళింది, వెళ్ళింది, ఇంకా ఇవ్వదేమిటి, ఇచ్చెయ్యి ఇచ్చెయ్యి అని నా కడుపులో ఎవరో అరుస్తున్నారు. డిఫెండర్ కాలు లేచింది. బంతి వెళ్ళింది. ఉడుత కొట్టింది. వల కదిలింది.

ఇంటికి వచ్చి పిల్ల బూట్లతోనే సోఫాలో నిద్రపోయింది. సోఫా మీద బూట్లు ఈ ఇంట్లో నిషేధం. కోడలు నా వైపు చూసింది. నేను పేపరు చదువుతున్నాను.

సెప్టెంబరు 21

ఫోన్ వచ్చింది. పిల్లే మాట్లాడింది, మాకెవరికీ ఇవ్వలేదు. మా అబ్బాయికి ఇద్దరికి ఒక్కరు మొత్తం వివరించింది. నేను అడ్డుకునే తీరు గురించి కూడా చెప్పింది. "నానమ్మ భలే మొండిది నాన్నా, కాలు చాపదు."

సెప్టెంబరు 25

వాన. ప్రాక్టీసు లేదు. మోకాలి నొప్పి వాన వల్లే.

సెప్టెంబరు 27, శనివారం

వరసగా రాస్తాను.

ఆఖరి ఆట. మనకి సమానం అయితే చాలు, ఆరో స్థానం ఖాయం. ఓడితే ఏడు. అవతలి జట్టుకి గెలుపు తప్ప దారి లేదు. ఆట చివరికి వచ్చేసరికి ఒకటి – ఒకటి. వాళ్ళు గోల్‌కీపర్ని, ఒక పొడుగమ్మాయిని మాత్రం వెనక ఉంచి అందరూ మన వైపు వచ్చేశారు. మన గోల్ ముందు తోపులాట. ఎవరి కాలో తగిలి బంతి బయటికి దొర్లింది. మనవరాలికి దొరికింది.

ముందంతా ఖాళీ మైదానం. పొడుగమ్మాయి ఒక్కతి. కుడి పక్కన ఉడుత అప్పటికే పరుగు అందుకుంది.

టైర్ల షాపాయన గీత దగ్గరికి పరుగెత్తుకొచ్చి, మూలకి కొట్టమని, ఆట అయిపోయేదాకా మూలలోనే పట్టుకుని నిలబడమని అరిచాడు. ఆయన వెనక తల్లిదండ్రులు కూడా అదే అరిచారు. నేను అరవలేదు. కానీ మూలకి కొడితే బాగుండునని అనుకున్నాను. ఇది నా డైరీ కాబట్టి రాస్తున్నాను.

కోడలు చేతులు కట్టుకుని నిలబడింది.

పిల్ల మూల వైపు చూడను కూడా లేదు. నేరుగా పొడుగమ్మాయి మీదికి వెళ్ళింది. ఆ అమ్మాయికి పని తెలుసు. కాలు చాపలేదు. మధ్యలో ఉండి వెనక్కి వెనక్కి నడిచింది, నాలాగే. వెనక నుంచి వాళ్ళవాళ్ళు తిరిగి వచ్చేస్తున్నారు. పిల్ల వేగం పెంచింది. ఉడుత ఇంకా దూరం జరిగింది. ఇక ఆగలేక ఆ అమ్మాయి ఒక్క అడుగు వేసింది. ఆ అడుగులోనే పాస్ వెళ్ళింది. అంతకన్నా ముందూ కాదు, తరవాతా కాదు. నేను ఇన్ని రోజులుగా చూసినవాటిలో అంత సరిగ్గా కుదిరినది ఇంకోటి లేదు.

ఉడుత బాగానే కొట్టింది. గోల్‌కీపర్ వేళ్ళ చివర తగిలి స్తంభానికి కొట్టుకుని బంతి మళ్ళీ మైదానంలోకి వచ్చింది. వాళ్ళు దాన్ని పొడుగ్గా మన వైపు కొట్టారు. ఇక్కడ మనవాళ్ళు ఇద్దరే, వాళ్ళు ముగ్గురు. వాళ్ళకి కూడా ఈ పాఠం వచ్చు.

ఒకటి – రెండు. ఏడో స్థానం.

టైర్ల షాపాయన మెల్లగా వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆ ఒక్క బంతి మూలలో పెట్టి ఉంటే సరిపోయేది కోచమ్మా," అన్నాడు. తిట్టినట్టు కాదు, ఎవరైనా పోయినప్పుడు అన్నట్టు.

కోడలు, "అక్కడ వాళ్ళు ఒక్కరు, మావాళ్ళు ఇద్దరు. అప్పుడు కూడా దాక్కోమని నేను నేర్పలేను," అంది.

పిల్లలు గడ్డిలో కూలబడి ఉన్నారు. ఉడుత, తాను కొట్టకుండా ఉండాల్సిందని ఏడుస్తోంది. కోడలు వెళ్ళి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నేను సీసాలు పట్టుకుని పక్కనే ఉన్నాను కాబట్టి వినిపించింది.

"నువ్వే కొట్టాలి. మళ్ళీ అలాంటిది వచ్చినా నువ్వే కొట్టాలి. రాదనుకోకు, వస్తుంది."

తరవాత మనవరాలి దగ్గరికి వెళ్ళింది. బూటు లేసు ఊడి ఉంటే కట్టింది, అంతే. పిల్ల తల్లి జుట్టు మీద చెయ్యి వేసింది.

ఓడితే తన జట్టు పోతుందని ఆ మనిషికి తెలుసు. పాస్ వెళ్ళే ముందూ తెలుసు. ఒక్క అరుపు అరిస్తే జట్టు మిగిలేది. అరవలేదు. పిల్లలకి మంగళవారం ఒక మాట, శనివారం ఇంకో మాట చెప్పలేదు. నేను ఇంత వయసులో ఎందరో పెద్ద పెద్ద అధికారుల కింద పని చేశాను. అలా ఒకే మాట మీద నిలబడినవాళ్ళని చూడలేదు.

సెప్టెంబరు 28, ఆదివారం

కోడలు జట్టు పచ్చ చొక్కాలన్నీ ఉతికి తీగె మీద ఆరేసింది. మధ్యాహ్నం మడతపెట్టి, బంతుల గది తాళంచెవి కాగితంలో చుట్టి, క్లబ్బుకి ఇచ్చి వచ్చింది. వచ్చి నా ఎదురుగా కూర్చుంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నోరు తెరిచాను. రాత్రికి ఏం వండాలని అడిగాను.

సెప్టెంబరు 29, సోమవారం

ఆఫీసులు తెరవగానే లీగ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. గుమాస్తా విసుక్కున్నాడు, నేను విసుక్కోలేదు, చివరికి చెప్పాడు. జట్టుకి క్లబ్బు ఉండి తీరాలని ఏమీ లేదట. ఒక మైదానం, ఒక కోచ్, బాధ్యత వహించే పెద్ద మనిషి ఒకరు ఉంటే చాలు. నవంబరు నెలాఖరు దాకా గడువు. కోడలికి ఇంకా చెప్పలేదు. ఇక జరగవలసినవి:

1. మైదానం. మూతపడిన సబ్బుల ఫ్యాక్టరీ వెనక స్థలం చదునుగానే ఉంది, తుప్పలు కొట్టిస్తే చాలు. కాపలాదారుకి పై అధికారి ఎవరో కనుక్కుని రేపు వెళ్ళి కలవాలి. ఒప్పుకునేదాకా అక్కడి నుంచి కదలకూడదు.

2. ఉడుత వాళ్ళ అమ్మకి గురువారం సెలవు. ఆవిడ చెబితే మిగిలిన తల్లులు వస్తారు. మన ఇంట్లోనే కూర్చోవాలి. కుర్చీలు చాలవు, చాపలు దులపాలి.

3. బాధ్యత వహించే పెద్ద మనిషి: నేను.

4. టైర్ల షాపాయన్ని పాత బంతులు అడగాలి. ఇస్తాడు. ఆయన్ని కూడా రమ్మనాలి.

5. మనవరాలు ఎప్పుడూ కుడి వైపుకే పాస్ ఇస్తుంది. ఎదురుగా నిలబడితే తెలిసిపోతుంది. ఎడమ వైపుకి ఇచ్చేదాకా వెనక సందులో సాధన. అడ్డుకునేది నేనే.

6. శనివారం నాడు తాను చేసిందే సరైనదని, నేనైతే అరిచేదాన్నని, అరవకపోవడం చూసి గర్వపడ్డానని కోడలితో చెప్పాలి. నోటితో చెప్పాలి. వంట సంగతి ఎత్తకూడదు.

7. ఆరోది మొదట చెయ్యాలి.